ఒక్కదెబ్బ తాత కాలు

ఆస్పత్రిలో చేరిన తొమ్మిదో రోజు ఉదయం ఒక్కదెబ్బ తాత డ్రెస్సింగ్ సిస్టర్ పన్ను ఊడగొట్టాడు. పిడికిలి ఎటు వెళ్ళిందో ఆయన చూడలేదు. కళ్ళకు అద్దాల పెట్టె కట్టి ఉంది. వేళ్ళ కణుపులకు ఏదో గట్టిగా తగిలింది. ఆ వెంటనే ట్రే కిందపడి కత్తెరలూ పట్టకార్లూ గచ్చు మీద చెల్లాచెదురైన చప్పుడు వినిపించింది. పెట్టె పీకి విసిరేసి చూస్తే సిస్టర్ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. నోటికి అడ్డం పెట్టుకున్న వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి తెల్లకోటు మీద పడుతోంది. పక్క మంచం ముసలాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

తాతకు ఆ పేరు కబేళాలో వచ్చింది. పదిహేడో ఏట పనిలో చేరి నలభై మూడేళ్ళు అక్కడే ఉన్నాడు. మొదట్లో తోళ్ళు ఈడ్చేవాడు, పేగులు కడిగేవాడు. ఇరవై దాటాక మేస్త్రీ ఆయన చేతికి సుత్తి ఇచ్చాడు. బారెడు పిడి, ఆరు కిలోల తల. దున్నపోతును ఇనుప చట్రంలోకి తోలి, గోనెగుడ్డతో కళ్ళు కట్టి, నుదుటి మీద కొట్టాలి. దెబ్బ సరిగ్గా పడితే నాలుగు కాళ్ళూ ఒకేసారి ముడుచుకుని కూలిపోతుంది. పక్కకు పడితే మాత్రం కన్ను వేలాడుతూ, చట్రం విరగ్గొట్టుకుని మనుషుల మీదికి వస్తుంది. ఆయన కళ్ళ ముందే అలా ఒకడి పొట్ట చీరుకుపోయింది. వాడు పేగులు చేతుల్లో పట్టుకుని గుమ్మం దాకా నడిచి అక్కడ పడిపోయాడు. ఆ రోజు నుంచి ఈయన రెండో దెబ్బ అవసరం రానివ్వలేదు. రోజుకు అరవై తలలు కూల్చినా అంతే.

ఇంట్లో మాత్రం ఒక దెబ్బతో ఆగేవాడు కాదు. అన్నం చల్లారిందని కొట్టేవాడు, తలుపు ఆలస్యంగా తీసిందని కొట్టేవాడు. ఒకసారి భార్య ఎడమ చెవి పగిలి ఇక వినపడలేదు. ఎవరు పిలిచినా తల తిప్పి కుడి చెవి ఒగ్గేది. ఆవిడ పోయి ఎనిమిదేళ్ళయింది.

ఇప్పుడు డెబ్బై ఒకటో ఏట రోడ్డు దాటుతుంటే బస్సు వెనక చక్రం కాలిని ఈడ్చుకుపోయింది. ఎముక విరగలేదు గాని మోకాలి నుంచి చీలమండ దాకా చర్మం మేజోడులా ఊడివచ్చింది. కొత్త చర్మం అతకాలంటే లోపలి మాంసం ఎర్రగా, శుభ్రంగా ఉండాలి. అందుకు రోజూ కుళ్ళిన ముక్కలు కోసి, గీకి, కడిగి కట్టు కట్టాలి. ఎక్కువ మత్తు ఇద్దామంటే పొగాకుతో పాడైన ఊపిరితిత్తులు తట్టుకోవడం లేదు. రెండో రోజు పెదాలు నీలంగా మారి ఊపిరి ఆగినంత పనైంది. అందుకని తక్కువ మందు, దానికి తోడు ఈ పెట్టె.

పెట్టె అంటే ఈతగాళ్ళు పెట్టుకునే కళ్ళద్దాల్లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. పట్టీతో తలకు బిగిస్తారు. ఇక గది కనబడదు, సముద్రం కనబడుతుంది. తల ఎత్తితే ఆకాశం, దించితే ఇసుక. ధ్యాస అటు పోతే నొప్పి పలచబడుతుందని దాన్ని చూసుకునే ఉద్యోగిని చెప్పింది. ఆమెను వార్డంతా పెట్టె మేడమ్ అనేది. పక్క మంచం ముసలాయన అది పెట్టుకుని తుంటి కట్టు మార్పించుకుంటూ, చేపలొస్తున్నాయని సంబరపడేవాడు. ఒక్కదెబ్బ తాతకు మాత్రం మూడుసార్లు పెడితే మూడుసార్లూ చెయ్యి లేచింది. మొదట ఆయా మోచెయ్యి, తర్వాత మేడమ్ భుజం, ఇప్పుడు సిస్టర్ పన్ను.

డాక్టర్ తిట్టలేదు. కాలు వాసన చూసి, శనివారం దాకా ఆగుతానన్నాడు. అప్పటికీ గాయం శుభ్రపడకపోతే మోకాలి పైకి తీసేస్తానన్నాడు. చేతులు మంచానికి కట్టేసి పని కానిద్దామని ఎవరో అంటే, ఆ ఊపిరితో పెనుగులాడితే మనిషే దక్కడన్నాడు. ఆ రోజు గురువారం.

మధ్యాహ్నం బట్టల మిల్లు నుంచి కూతురు వచ్చింది. జుట్టులో ఇంకా దూది పీచు ఉంది. జరిగింది వరండాలోనే విని వచ్చినట్టుంది, కూర్చోలేదు.

“కావాలని కొట్టలేదే. నాకు తెలీకుండానే చెయ్యి లేచింది,” అన్నాడు తాత.

“అమ్మ చెవి పగిలిన రోజు కూడా ఇదే మాటన్నావు నాన్నా.”

ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె మొహమాటపడకుండా చెప్పాల్సింది చెప్పేసింది. కాలు తీసేస్తే మూడంతస్తుల మెట్లు ఎక్కించి దింపడం తన వల్ల కాదంది. కాలున్నా, దగ్గరికొచ్చిన వాళ్ళ పళ్ళు రాలగొట్టే మనిషిని పిల్లల మధ్య ఉంచుకోనంది. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం వైపు నాలుగడుగులు వేసింది.

“గోనె కట్టేది నేనేనే,” అన్నాడు తాత, గోడకేసి చూస్తూనే.

ఆమె ఆగింది.

“కళ్ళు కట్టాక అది బెదిరిపోతుంది. అప్పుడు నుదురు నిమరాలి. ఏం లేదురా, ఏం లేదు, అయిపోయింది అనాలి. మెత్తగా అనాలి. నమ్మి తల దించుతుంది. దించగానే కొట్టాలి.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఆ సిస్టరమ్మ కూడా నుదురు నిమిరింది. ఏం లేదు తాతా, అయిపోయింది అంది.”

కూతురు తర్వాత వెళ్ళి సిస్టర్‌ను వెతుక్కుని ఆ మాటలు ఉన్నవున్నట్టు చెప్పింది.

శుక్రవారం ఉదయం ఆ సిస్టరే వచ్చింది. మూతి వాచి ఉంది, పై పెదవికి రెండు కుట్లు. పన్ను పోయిన సందులోంచి గాలి పోయి మాట ఈలలా వస్తోంది.

“నిమరను, బుజ్జగించను,” అంది. “తిడతాను. కోసేముందు కోస్తున్నానని చెప్తాను. నా గొంతు ఎక్కడుంటే నేనక్కడే ఉంటాను. ఇంకో పన్ను పోయిందా, ఆ కాలు నేనే నరికి కుక్కలకి వేస్తాను ముసలాడా.”

“అలా చెప్పు,” అన్నాడు తాత.

ఈసారి పెట్టె ఆయనే అందుకుని పట్టీ ఆయనే బిగించుకున్నాడు. సముద్రం వద్దన్నాడు, పక్షుల తోటా వద్దన్నాడు. ఇంకేమున్నాయంటే మేడమ్ నసిగింది. కుర్రకారు ఆడేది ఒకటుందని, బండలు మీదికి దొర్లుకొస్తుంటే సుత్తితో పగలగొట్టాలని, ముసలివాళ్ళకు అది పెట్టడం లేదని చెప్పింది. అదే పెట్టమన్నాడు. ఆమె తాత కుడిచేతికి చిన్న పిడి ఇచ్చి, మంచాన్ని గోడకు దూరంగా లాగించింది.

మొదటి బండ నల్లగా, భుజాలున్నట్టుగా వచ్చింది. తాత కొట్టాడు. అది నడిమికి పగిలి రెండు పక్కలా పడింది. అవతల ఎక్కడో సిస్టర్ గొంతు, “కట్టు పీకుతున్నా, మాంసంతో సహా వస్తుంది, అరుచుకో,” అంటోంది. ఆయన అరిచాడు, అరుస్తూ కొట్టాడు. “కోస్తున్నా. కదిలావంటే నరం తెగుతుంది, దున్నపోతా.” కాలి మీద నిప్పు పాకుతోంది. కానీ ఆ నిప్పు ఆయనదే అయినా, బండలన్నీ పగిలేదాకా లోపలికి రాకుండా గుమ్మంలోనే ఆగిన మనిషిలా ఉంది. మంచం కిర్రుమంటోంది, చెమటకు దుప్పటి తడిసిపోయింది.

పిక్క దగ్గర బ్లేడు మాంసాన్ని లాగింది. కోత పడలేదు, చించినట్టయింది. తాత పిడికిలి తల పైకి లేచింది. గొంతు ఎక్కడుందో తెలుసు, ఎంత దూరముందో తెలుసు. దాదాపు నలభై ఏళ్ళు గురి తప్పని చెయ్యి అది.

“ఇక్కడే ఉన్నాను,” అంది సిస్టర్. ఆ గొంతు ఉన్నచోటి నుంచి కదల్లేదు.

పిడికిలి దిగి ఎదురుగా వస్తున్న బండ మీద పడింది. ఇంకోటి వచ్చింది. ఇంకోటి.

కట్టు పూర్తయ్యాక పెట్టె తీసి, రొప్పు తగ్గేదాకా పైకప్పు చూస్తూ పడుకున్నాడు. క్షమించమనే మాట ఆయన నోటికి ఎన్నడూ అలవాటు లేదు.

“పిక్క దగ్గరికొచ్చేసరికి నీ బ్లేడు మొద్దుబారింది. రేపు సగంలో మార్చు,” అన్నాడు.

శనివారం సిస్టర్ సగంలో బ్లేడు మార్చింది. డాక్టర్ వచ్చి వేలితో నొక్కిన చోట ఎర్రటి రక్తం ఊరింది. కాలు ఉంటుందని, బుధవారం తొడ మీది చర్మం తీసి అతుకుతానని చెప్పి వెళ్ళాడు.

కూతురు ఆ వేళ మంచం పక్కనే కూర్చుంది. తండ్రి కణుపుల మీద పన్ను గీరుకున్న గాయం ఎండి పెచ్చు కట్టి ఉంది. దాన్నే చూస్తూ, “మా ఇంట్లో పెట్టె ఉండదు నాన్నా, బండలూ ఉండవు. పిల్లలే ఉంటారు,” అంది.

“తెలుసు.”

“చెయ్యి లేస్తే?”

ఆయన ఆ చేతిని ఒళ్ళోకి తీసుకుని రెండోదానితో పట్టుకున్నాడు.

“లేస్తే ఆ రోజే బయట పెట్టెయ్,” అన్నాడు.

“పెడతాను,” అంది ఆమె.