కప్పులో ఆకులు

కుంటాల జలపాతం పేరెత్తితే నాకు నీళ్ల కన్నా ముందు ఒక చేతికర్ర చప్పుడు గుర్తొస్తుంది.

ఆ రోజు ఎండకు తాళలేక ముందుకు పొడుచుకొచ్చిన ఒక బండ కింద కూర్చున్నాను. ఎవరో పెద్దాయన గబగబా వచ్చి, "సార్, జర ఇవతలికి రాండ్రి" అంటూ నా చెయ్యి పట్టి లాగాడు. కర్రతో ఆ బండను నాలుగైదు చోట్ల కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. "గట్టిగనే ఉన్నది. ఇగ కూసోండ్రి" అని తనూ నా పక్కనే కూర్చున్నాడు.

శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేశాడట. "దిగంగనే పైకప్పును కొట్టి సప్పుడు ఇంటం. బోలుగ మోగితే దాని కిందికి పోం. గా అలవాటు ఇంక పోలే."

లోపలంతా చీకటే కదా, ఏం కనిపిస్తుందని అడిగాను.

"అడివి గనవడ్తది సార్. బొగ్గంత ఎన్కటి చెట్లే గద. కప్పురాయి మీద ఆకులు అచ్చువడి ఉంటయి, ఈనెలు గూడ కానొస్తయి. మనిషి పుట్టకముందటి ఆకులు."

ఎదురుగా నీళ్లు దూకుతూనే ఉన్నాయి. నేను వాటిని మరిచిపోయాను.

"మట్టిల కూరుకపోయినంక అవి మళ్ల వెలుగు జూసింది మా టోపీ లైట్లతోటే" అన్నాడాయన. తలెత్తి పైనున్న బండను చూస్తూ, "అందుకే ఆకులు గనవడ్డ కాడ జరసేపు తల కదలకుంట నిలవడెటోణ్ని" అన్నాడు.