రాణీగారి పెట్టెతో కోడూరు దాకా

మా మేనత్త సుబ్బమ్మ ఒక రాణీగారి దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసింది. కాశీయాత్రలో తన వెంట తిరిగిన పెట్టెను రాణీగారు చివరి రోజుల్లో ఆమెకిచ్చారు. ఆవిడ పోగానే దివాణపు గుమాస్తాలు పెట్టె లాక్కుని, అత్తను దొంగ అని వెళ్లగొట్టారు. పదకొండేళ్లుగా కోడూరులో అత్త ఆ మాట పడుతోంది. మొన్న గుడివాడ నుంచి రాణీగారి కూతురు కబురంపింది. పెట్టె సుబ్బమ్మకే ఇచ్చానని తల్లి రాసిన కాగితం దొరికిందట. అత్త మంచం పట్టి నెలైంది. నేను బడికి సెలవు పెట్టాను.

బందరులో ఆరు గంటలకు రైలెక్కి, ఎనిమిదికల్లా గుడివాడలో దిగాను. రాణీగారి కూతురు ఇంట్లో పెట్టె చూపించింది: టేకు పెట్టె, పైన తోలు, మూలలకు ఇత్తడి తొడుగులు. ఇద్దరు మోస్తే గాని లేవదు.

"వచ్చే నెల మా మనుషులతో పంపిస్తాను మాస్టారూ, మీకెందుకీ శ్రమ?" అందావిడ.

"వద్దండీ, ఇవాళే తీసుకెళ్తాను" అన్నాను. ఆవిడ కాగితాన్ని తన చేత్తోనే పెట్టెలో ఉంచింది.

పన్నెండు గంటల రైలుకు పెట్టెను సామాన్లు వేసే బ్రేకువ్యానులో వేయించాను. బందరులో పూటకూళ్లింట్లో భోంచేసి, మూడింటి బస్సు టాపు మీద దాన్ని కట్టించాను. పులిగడ్డ రేవు చేరేసరికి కృష్ణ దాటే చివరి పడవ వెళ్లిపోయింది. ఈ దారిన వచ్చేవాళ్లు పొద్దుటి బస్సు పట్టుకోవడం మేలు. ఆ రాత్రి సత్రంలో పడుకున్నాను.

పొద్దున ఏడింటికి రేవులో మోపిదేవి యాత్రికులు కిక్కిరిసి ఉన్నారు. కృష్ణ నిండుగా పారుతోంది. పడవవాడు పెట్టెను చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీరు రండి. పెట్టె రేపు చూద్దాం."

"పెట్టె లేకుండా నేను అవతలికెళ్లి చేసేదేం లేదు."

పడవలో కూర్చున్న చేపలామె ఆ పెట్టె ఎవరిదని అడిగింది. ఉన్నదంతా చెప్పాను. ఆమె లేచి తన రెండు గంపలూ ఒడ్డుకు దించేసింది.

"నా ఎండుచేపలు మలి పడవకొస్తాయిలే. ఎక్కించవయ్యా. ఆ తల్లిని ఇంకో రోజు దొంగగా ఉంచుతావా?"

పడవవాడు పెట్టెకు ఓ చెయ్యి వేశాడు.

అవనిగడ్డ నుంచి ఎడ్లబండి. రెండుచోట్ల బురదలో చక్రం దిగబడితే బండివాడితో పాటు నేనూ భుజం పట్టాను. ఒంటిగంటకు కోడూరు చేరాం.

అత్త గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పెట్టెను లోపలికి తెస్తుంటే ఆపింది.

"అరుగు మీదే దించరా. కాగితం ఇక్కడే చదువు. గట్టిగా చదువు."

మూడుసార్లు చదివించింది. వీధి వీధంతా పోగైంది. అన్నేళ్లుగా అత్తను గడప తొక్కనివ్వని ఎదురింటావిడ ముందుకొచ్చి, "రేపు మా ఇంటికి భోజనానికి రా వదినా" అంది, తల ఎత్తకుండా.

"వస్తాలే. ఎండలో నిలబడ్డావు, ముందు కాసిని మజ్జిగ తాగు" అంది అత్త.

మర్నాడు వట్టి చేతులతో తిరుగు పడవెక్కాను. గుడివాడ నుంచి కోడూరుకు ఒక రోజు ప్రయాణం, అదీ ఒక రాత్రి రేవులో ఆగితే. ఆ కాస్త దూరం దాటడానికి ఒక నిజానికి పదకొండేళ్లు పట్టింది.