తడిగుడ్డలో మైనం బిళ్ల

2008 ఎండాకాలం. కర్నూల్లో ఒక ఆసుపత్రి పెథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్నాను. మా గది ఎంత చిన్నదంటే, కొత్త ఆలోచన లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాల్సిందే. ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో పోతపోసి బిళ్ల చేయడం నా పని. దాన్ని బ్లాక్ అంటాం. ఉల్లిపొరకన్నా పల్చగా దాన్ని కోసిస్తే, డాక్టరు మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు రాస్తాడు. ఏ మాటైనా నా నోట పడితే మూడింతలవుతుందని ఆసుపత్రిలో అందరికీ తెలుసు.

ఏసురత్నం ఓర్వకల్లు దగ్గరి పల్లె రైతు. వాళ్ల చర్చిలో పాట ఎత్తుకునేది అతనే. ఒక ఆదివారం పాట మధ్యలోనే మూర్ఛ వచ్చి పడిపోయాడు. స్కానులో మెదడు కుడివైపు గడ్డ కనిపించింది. సర్జన్ గంటల తరబడి నిలబడి తీయగలిగినంతా తీశాడు. నేను చేసిన బ్లాకు చూసి గ్లయోబ్లాస్టోమా అని రాశారు. మెదడు గడ్డల్లో మహా మొండిది. చేనులో తుంగ కలుపులాంటిది. పైన పీకినా లోపల ఎక్కడో గడ్డలు మిగులుతాయి. చేనంటే లోతుగా దున్నుకోవచ్చు, మెదడును దున్నలేం గదా.

తల కట్టు విప్పకముందే అతను నన్ను వార్డులో పట్టుకున్నాడు.

"ఏమప్పా, నా తలకాయలోది నువ్వు చూసినావంట. ఏముండాది?"

"అంతా మీ ఆడమనిషి పేరే రాసుండాదప్పా."

"అట్లయితే మళ్లా లోపల పెట్టమను."

పక్కనున్న భార్య సుశీలమ్మ నవ్వలేదు.

రేడియేషన్ ఎలాగూ ఇస్తారు. దాంతోపాటు టెమోజోలమైడ్ అనే కొత్త బిళ్లలు మింగించాలంటే వాళ్లకున్న రెండెకరాల చేను అమ్ముకోవాలి. అమ్మేముందు ఒక పరీక్ష చేయించమన్నాడు సర్జన్. ఆ బిళ్లలు గడ్డ కణాల్లోని డీఎన్ఏను పగలగొడతాయి. కొన్ని గడ్డల్లో ఎంజీఎంటీ అనే ప్రోటీను మేస్త్రీ ఉండి, పగిలినదాన్ని పగిలిన వెంటనే పూడ్చేస్తాడు. మేస్త్రీ నిద్రపోతుంటే బిళ్లలు బాగా పనిచేస్తాయి. మేలుకొని ఉంటే లాభం తక్కువ. ఆ సంగతి హైదరాబాదులో తేలాలి. అప్పట్లో బ్లాకులను రోగి మనుషులే చేతపట్టుకొని పోయేవాళ్లు.

బ్లాకు చేతికిస్తూ నా నోరు ఊరుకోలేదు. "సుశీలమ్మా, ఇది మైనం. కర్నూలు ఎండకు రైలుపట్టాలే పాకమవుతాయి. తడిగుడ్డ చుట్టి పట్టుకొని పో. ఒక్క నిమిషం గుడ్డ ఆరిందా, మీ ఆయన ముక్క నీళ్లే."

నిజానికి ఆ మైనం అంత తేలిగ్గా కరగదు. బస్సు ఇంజను మీద పెట్టకుంటే చాలు.

ఆమె తిరిగొచ్చి, ఏదో శుభవార్తలాగా చెప్పింది. "తడిగుడ్డ చుట్టి ఒళ్లోనే పెట్టుకున్నానన్నా. సీసాలో నీళ్లు గుక్క గూడా తాగలే. అన్నీ దానికే పోసినా. కరగలేదు."

ఐదు గంటల ప్రయాణం. నడి ఎండలో. తుడిచిన స్లైడ్లనే మళ్లీ తుడుస్తూ కూర్చున్నాను.

రిపోర్టు వచ్చింది. మేస్త్రీ మేలుకొనే ఉన్నాడు. సర్జన్ వివరంగానే చెప్పాడట, అయినా ఆమె కాగితం పట్టుకొని నా కిటికీ దగ్గరికొచ్చింది.

"నువ్వు చెప్పన్నా. నువ్వు చెప్పినట్లు చేసినందుకే గదా ఆ పొద్దు కరగలేదు. ఇప్పుడూ నువ్వు చెప్పినట్లే చేస్తా. చేను అమ్మమంటావా?"

కడపలో ఒకాయన ఇవే బిళ్లలు మింగి పదేళ్లు బతికాడన్న కట్టుకథ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను.

"నేను డాక్టరును కానమ్మా. సారు చెప్పిందే చెప్తా. బిళ్లలతో కొన్ని దినాలు పెరగచ్చు, పెరగకపోవచ్చు. జబ్బు మాత్రం పోదు."

"పోదా?"

"పోదమ్మా."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకొని వెళ్లిపోయింది.

చేను అమ్మలేదు. రేడియేషన్ పూర్తయింది. ఆ ఏడు శనక్కాయ పీకేటప్పుడు ఏసురత్నం గట్టు మీద కూచొని, ఎడమ చెయ్యి లేవకపోయినా, కూలోళ్లకు పాటలు పాడాడట. మరుసటి వానలు పడకముందే పోయాడు.

భయాన్ని నేను పెంచి చెబితే ఒక మనిషి ఐదు గంటలు గొంతెండి కూర్చుంది. ఆశను కూడా అట్లే పెంచి ఉంటే రెండెకరాలు పోయేవి. ల్యాబు కిటికీ దగ్గర మాట ఉన్నంతే ఉండాలని నాకు నేర్పింది ఆ తడిగుడ్డే.

ఆ ఏడు పంట చేతికొచ్చాక సుశీలమ్మ ఆ చేని కాయలే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఎన్ని తెచ్చిందని ఎవరైనా అడిగితే, మామూలుగానైతే బస్తా అనేవాణ్ణి.

కొలిస్తే ఒక పడి.