ఎండుచేపల మొదటి నీళ్ళు

ఈ పొద్దున గులాబీ పాదులు తవ్వి ఎరువు నీళ్ళు పోస్తూ ఉంటే, పక్కింటావిడ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. అరకు చూడవచ్చేవాళ్ళకు వాళ్ళు గదులు అద్దెకిస్తారు. “ఏటండీ ఆంటీ ఈ కంపు? గెస్టులు కిటికీలు మూసేసుకుంటన్నారు, బేగి ఏదోటి సెయ్యండి” అని, జవాబు కోసమైనా ఆగకుండా స్ప్రే డబ్బా తెచ్చి గోడ పొడుగునా కొట్టింది. మల్లెపూల వాసనట! ఛీ, ఆ మందు వాసన గొంతులోకి దిగి నాకు వాంతి వచ్చినంత పనైంది. వాళ్ళ వాకిట్లో ఫొటోల కోసం ఇనప కమానుకు చుట్టిన ప్లాస్టిక్ గులాబీలున్నాయి, రేకుల మధ్య సాలీడు గూళ్ళు, పైన వేలెడు దుమ్ము. దాని కింద నిలబడి వచ్చినవాళ్ళంతా పళ్ళికిలిస్తూ ఉంటారు. చూస్తేనే ఒళ్ళు కంపరమెత్తుతుంది నాకు.

అయితే నా తోటలో కంపు లేదని బుకాయించను. అది ఎండుచేపల కంపు, మా అమ్మ నేర్పిన ఎరువు. మా నాన్నది ఇక్కడే ఎండుచేపల కొట్టు, వారం వారం గంపలు వేసుకుని డుంబ్రిగుడ సంతకు వెళ్ళేవాడు. సంత నుంచి తిరిగొచ్చాక గంపల అడుగున మిగిలిన తలలూ తోకలూ పొడీ అమ్మ ఒక్క గుప్పెడు పోనిచ్చేది కాదు. రెండుసార్లు బాగా కడిగి, కుండలో నానబెట్టి, అది కుళ్ళాక మంచినీళ్ళు కలిపి మొక్కలకు పోసేది. మొదటిసారి కడిగిన నీళ్ళలో ఉప్పంతా దిగుతుంది కనక వాటిని మాత్రం మొక్క దరిదాపులకు రానిచ్చేది కాదు. వాకిలి రాళ్ళ సందుల్లో మొలిచే గడ్డి మీద కాసిన్ని చల్లి, మిగిలినవి రోడ్డవతల కాలవలో పారబొయ్యమని బకెట్టు నా చేతికిచ్చేది.

ఆ పనంటే అప్పట్లో నాకు రోత. కుండ మూత తీస్తే తెల్లటి పురుగులు లుకలుకలాడుతూ కనిపించేవి, ఆ వాసన జడకు పట్టుకుంటే కుంకుడుకాయ రసానికి కూడా వదిలేది కాదు. బడికి వెళ్ళే పిల్లలంతా బస్సు కోసం నిలబడేది సరిగ్గా ఆ కాలవ గట్టునే. నేను బకెట్టుతో వస్తుంటే ముక్కులు మూసుకుని “సేపలమ్మొచ్చింది, తప్పుకోండర్రా” అని నవ్వేవాళ్ళు. అమ్మ ఆ చేతులతోనే నా తలలో పూలు పెట్టబోతే తల విదిలించుకుని పారిపోయేదాన్ని.

అమ్మ తోటలో బంతీ చామంతీ ఎన్ని ఉన్నా, ఆవిడ ప్రాణమంతా మెట్ల పక్కనున్న నాటు గులాబీ మీదే ఉండేది. సాలూరులో మా అమ్మమ్మ పెరట్లోంచి తెచ్చిన కొమ్మ అది. అమ్మమ్మ పోయింది, ఆ ఇల్లు అమ్ముడుపోయింది, కొన్నవాళ్ళు పెరడంతా తవ్వి గచ్చు చేయించేశారు. ఆవిడ గుర్తుగా అమ్మకు మిగిలింది ఆ ఒక్క మొక్కే. చలి తగ్గి మాఘం చివర చిగురు పడగానే రోజూ మొగ్గలు లెక్కపెట్టేది, ఫాల్గుణంలో పూసిన మొదటి పువ్వు అమ్మమ్మ ఫొటోకే పెట్టేది.

ఆ ఏడు నేను ఏడో తరగతి. బకెట్టు పట్టుకుని మెట్లు దిగాను, అవతలి గట్టు మీద ఆడపిల్లలంతా నిలబడి ఉన్నారు. చూసీ చూడనట్టు వంగి, బకెట్టుడు ఉప్పునీళ్ళూ ఆ గులాబీ పాదులో కుమ్మరించేసి ఇంట్లోకి వచ్చేశాను. మరుసటి వారమూ అదే పని చేశాను, అలా నాలుగు వారాలు చేశాను. తెలియక చేశానని ఇన్నేళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను, కానీ అదంతా వట్టి అబద్ధం. ఆకుల అంచులు మాడినట్టు ఎర్రబారినప్పుడే నాకు తెలిసింది. అప్పుడైనా నోరు విప్పితే, నాలుగు బిందెల మంచినీళ్ళతో పాదు కడిగి బతికించుకునేది అమ్మ. తిడుతుందని కిక్కురుమనలేదు.

మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి, మొక్క నిలువునా ఎండిపోయింది. అమ్మ పాదు దగ్గర గొంతుక్కూచుని, చిటికెడు మట్టి తీసి వాసన చూసి పారేసింది. పక్కన నిలబడ్డ నాతో, తల ఎత్తకుండానే, “మంచు కొట్టేసిందే గుంటా” అంది. తరవాత కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ వారం నుంచి ఆ బకెట్టు తనే మోసుకెళ్ళి కాలవలో పారబోసుకునేది. పీడా వదిలిందని ఎగిరి గంతేశాను నేను!

ఇవాళ పక్కింటావిడ వెళ్ళాక, ఎప్పటిలాగే మొదటి నీళ్ళు తీసుకెళ్ళి వాకిలి గడ్డి మీద చల్లబోయాను. కిందటి వారం చల్లిన చోట గడ్డి అంచుల నుంచి లోపలికి మాడి ఎర్రబారి ఉంది. అచ్చం ఆ గులాబీ ఆకుల రంగే. బకెట్టు కింద పెట్టేశాను. అమ్మ వారం వారం ఈ గడ్డిని ఇలా మాడ్చిన మనిషి, ఉప్పుకు మాడిన ఆకేదో మంచుకు మాడిన ఆకేదో ఆవిడకు తెలియదా? ఆ ఏడు నిజంగా మంచు కొట్టి ఉంటే అన్నిటికంటే ముందు మాడాల్సిన బంతి మొక్కలు పక్కనే పచ్చగా ఉన్నాయి కదా! ఇంత వయసొచ్చి, ఇన్నేళ్ళు ఇవే నీళ్ళు ఇదే గడ్డి మీద పోస్తూ, ఒక్కసారైనా తట్టలేదు నాకు. నా బుర్ర మీద నాకే రోత పుట్టింది.

మా కాలంలో వసంతమంటే పెంట కంపుతో మొదలై పూల వాసన దగ్గరికి చేరేది. ఇప్పుడు ఎవరికీ అంత ఓపిక లేదు, వాసన డబ్బాలో దొరుకుతుంది, ప్లాస్టిక్ పువ్వు ఇనప కమానుకు చుట్టి ఉంటుంది, వాడిపోయే బాధా లేదు. వాళ్ళను అసహ్యించుకుంటూ కూచుంటాను గాని, ఒక మొక్క ఎండిపోవడం వెనక మా అమ్మ ఏం దాచిందో ఇన్నాళ్ళూ నాకే తెలియలేదు. అమ్మ ఆ తరవాత ఇంకో గులాబీ పెట్టలేదు. మంచం పట్టిన రోజుల్లో కూడా, చూడ్డానికి వచ్చినవాళ్ళెవరైనా ఆ సాలూరు గులాబీ ఏమైందని అడిగితే, నా వైపు చూడకుండా, మంచు కొట్టేసిందనే చెప్పేది.