తోక మీద కూర్చున్న విమానం

ముందే చెబుతున్నాను... ఇది అల్లిన కథ కాదు. నమ్మకం కుదరకపోతే రేపు పొద్దున బాన్సువాడలో నా ఫ్లెక్సీ దుకాణానికి రండి. విమానం వెనక గదిలో బల్ల మీదే ఉంది. ముట్టుకోండి. వేలితో ఒత్తి చూడండి. విప్పి చూపించమని మాత్రం అడగొద్దు. అదొక్కటి నా వల్ల కాదు.

నేను పిరికివాణ్ణి కూడా కాదు. నా మిషన్ మీద పెళ్ళి ఫ్లెక్సీ, చావు ఫ్లెక్సీ ఒకే పూట వస్తాయి. రెండూ పక్కపక్కనే ఆరబెడతాను. అలాంటివాడికి రాత్రంటే భయమేముంటుంది? ఆ రాత్రి దాకా నేనూ అదే అనుకున్నాను.

ముందు రత్నం అన్న గురించి చెప్పాలి. దేవరత్నం. ఒకప్పుడు మా ఊళ్ళో ఏ బోర్డు చూసినా ఆయన చేతిరాతే. కిరాణా దుకాణం, దవాఖాన, చర్చి గోడ మీద వాక్యం... అన్నీ. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. ఎవరో తెచ్చారని తప్పించుకోలేను, తెచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆయన నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. అయినా ఒకరోజు నా దుకాణానికి వచ్చాడు. మిషన్ చుట్టూ తిరిగి చూశాడు.

"అచ్చరాలు సాఫ్‌గనే ఉన్నయ్ తమ్మీ... పానమే లేదు" అన్నాడు.

"పానమెందుకన్నా? పెండ్లి అయిపోంగనే చింపి ఎడ్లకొట్టం మీద కప్పుతరు" అన్నాను.

పగలబడి నవ్వాడు. వెళ్ళబోతూ వెనక గదిలో బల్ల మీద ఉన్న నా విమానాలను చూసి ఆగిపోయాడు. ఇగ అక్కడి నుంచి కదిలితే ఒట్టు.

నాకు ఆ పిచ్చి చాలా ఏళ్ళ నుంచి ఉంది. చిన్న విమానాలు చేస్తాను. ఎగిరేవి కాదు, చూసుకోవడానికే. అసలు విమానం డెబ్బై రెండు అడుగులుంటే మనది ఒక్క అడుగు. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి. ఒక్కొక్కటీ కత్తిరించాలి, ఆకురాయితో నున్నగా చేయాలి, అతికించాలి, రంగు వేయాలి. మా ఆవిడ "చిన్నపోరని ఆటలు" అంటుంది. అంటే అననీ. నాకు అతికించడం వచ్చు, రంగు వేయడం రాదు. బ్రష్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. ఆ రోజు నుంచి అతుకు నాది, రంగు రత్నం అన్నది. ఆదివారం ప్రార్థన అయిపోగానే వచ్చేవాడు. నాలుగు వెంట్రుకల బ్రష్‌తో, బియ్యపు గింజంత కిటికీకి చుట్టూ అంచు గీసేవాడు. గీత మొదలుపెట్టే ముందు ముక్కుతో సన్నగా ఊపిరి లాక్కునేవాడు. గీత అయ్యేదాకా వదిలేవాడు కాదు. అయ్యాక "హా..." అని వదిలేవాడు.

"నువ్వు బటన్ ఒత్తితే గీత వస్తది తమ్మీ. నేను ఊపిరి బట్టుకుంటె వస్తది" అనేవాడు.

చివరిది రెండు ఇంజన్ల చిన్న ప్రయాణికుల విమానం. దాని సంగతి మీకు కొంచెం అర్థం కావాలి. విమానం ఒళ్ళు రెండు చెక్కలుగా వస్తుంది, పల్లికాయను నిలువునా చీల్చినట్టు. లోపల డ్రైవర్ గది, సీట్లు ముందే రంగు వేసి పెట్టి, అప్పుడు రెండు చెక్కలూ కలపాలి. ఆ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది. ఒకసారి కలిపితే పగలగొట్టాలి తప్ప విప్పలేం. ఇంకొకటి... ముక్కు కింద చక్రం ఉండే విమానాలకు బరువంతా వెనకే ఉంటుంది. కలపకముందే ముక్కులో సీసం పెట్టాలి. పెట్టకపోతే ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంటుంది. చూస్తే నవ్వొస్తుంది, చేసినవాడికి ఏడుపొస్తుంది.

ఆ ఆదివారం రత్నం అన్న రాలేదు. చుట్టాలింట్లో ఏదో పని. నాకు చేతులు ఊరుకోవు. పెళ్ళిళ్ళ కాలం, మళ్ళీ తీరిక ఎప్పుడో. సీసం లేదు. లేకున్నా నిలబడుతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం రెండు చెక్కలూ అతికించేశాను. చక్రాలూ పెట్టేశాను. సాయంత్రం బల్ల మీద పరిచిన అద్దం పలక మీద నిలబెట్టాను.

టక్... తోక మీద కూర్చుంది.

సరిగ్గా అప్పుడే రత్నం అన్న ఫోన్.

"తమ్మీ, బీర్కూరుకు పోతున్న. ఆడ చేపలోళ్ళ కాడ వలలకు కట్టే సీసం గుండ్లుంటయ్. ముక్కుల పెడితె మంచిగ నిలవడ్తది. నేనొచ్చేదాంక అతికియ్యకు, ఏందీ?"

అప్పుడు చెప్పాలి. "పోకన్నా, అతికించేసిన" అనాలి. అంతే. తిడతాడని సిగ్గేసింది. ఆయన రోజుల తరబడి గీసిన డ్రైవర్ గది అందులో ఉంది... తొందరపడి పాడు చేశానని చెప్పడానికి నోరు రాలేదు. వచ్చాక చెబుదాంలే అనుకున్నాను.

"సరే అన్నా" అన్నాను.

ఆయన బండి మీద తిరిగి వస్తుంటే చీకటి పడింది. చెరుకు ట్రాక్టరు రోడ్డు మీదే ఆగి ఉందట. వెనక లైటు లేదు, చూసుకోక దానికి గుద్దుకున్నాడు. దవాఖానకు తెచ్చేసరికే అయిపోయింది.

ఆ చోటికి నేను రెండుసార్లు వెళ్ళాను. రోడ్డు పక్కన కంకరలో వంగి వెతికాను. సీసం గుండు ఒక్కటీ దొరకలేదు. ఎవరో రైతు బండి ఆపి "ఏం పోగొట్టుకున్నవ్ పటేలా?" అని అడిగాడు. ఏమీ లేదని వచ్చేశాను.

ఇప్పుడు ఆ రాత్రి.

మర్నాడు రత్నం అన్న జ్ఞాపకార్థ కూడిక. సుగుణ వదిన, ఆయన భార్య, కబురు పంపింది. ఆయన ఫోటోతో ఒకటి వేసిమ్మని. బోర్డులు రాసిన మనిషికి ఫ్లెక్సీ! కాదని ఎలా అనను? పగలంతా వేరేవాళ్ళ పనులు ముందేసుకున్నాను. ఇది తర్వాత, ఇది తర్వాత... చివరికి అదొక్కటే మిగిలింది. అప్పటికి పన్నెండున్నర. షట్టరు సగం దించాను. బయట ఎప్పుడో ఒక లారీ మద్నూర్ వైపు. అంతే.

ఫోటో నా ఫోన్లోదే. నా వైపు చూస్తూ ఏదో అంటున్నాడు. మిషన్ మొదలుపెట్టాను. జుయ్య్... జుయ్య్... ఫ్లెక్సీ ఒకేసారి రాదు, పైనుంచి సన్నటి పట్టీలుగా దిగుతుంది. జుట్టు వచ్చింది. నుదురు వచ్చింది. కనుబొమలు... కళ్ళు...

కరెంటు పోయింది.

కంప్యూటర్ బ్యాటరీ పీ... పీ... అని అరుస్తుంటే దాన్నీ ఆపేశాను. ఫోన్ లైటు వేశాను. ఫ్లెక్సీ మీద కళ్ళ వరకే ఉన్నాడు. నోరింకా రాలేదు. ఆ చూపు తట్టుకోలేక లైటు తీసేశాను. చీకట్లోనే స్టూలు మీద కూర్చున్నాను. రంగు వాసన.

అప్పుడు విన్నాను. వెనక గదిలోంచి.

టిక్...

ఆగింది.

టక్.

బల్లి అనుకున్నాను. ఎలుకేమో అనుకున్నాను. మళ్ళీ... టిక్... టక్. నవ్వకండి. ఆ రెండో చప్పుడు నాకు తెలుసు. తోక బల్ల మీది అద్దానికి తగిలే చప్పుడు. ఆ ఆదివారం విన్నదే. మరి మొదటిది? ముక్కు చక్రం అద్దాన్ని తాకితే వచ్చేది. అంటే ముక్కు దిగుతోంది... లేస్తోంది. దిగుతోంది... లేస్తోంది. ఎవరో వేలితో ఒత్తి, వదిలి, నిలబడుతుందా లేదా అని చూస్తున్నట్టు.

లేచాను. ఎందుకు లేచానో తెలియదు. కాళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. గడప దగ్గర ఆగాను. లోపల ఏమీ కనబడటం లేదు. లైటు వేయడానికి చెయ్యి రాలేదు.

ఒక ఊపిరి.

నాది కాదు. నేను అప్పటికే ఊపిరి బిగబట్టి ఉన్నాను. అది ముక్కుతో లాక్కున్న ఊపిరి... సన్నగా... మెల్లగా... గీత గీయబోయే ముందు లాక్కునే ఊపిరి. అది తెలియనివాణ్ణా నేను? ఎన్ని ఆదివారాలు విన్నాను!

ఇప్పుడు వదలాలి. ఎదురుచూశాను.

వదల్లేదు.

ఎంతసేపో నాకు తెలియదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. భయమేసింది, నిజం. కానీ భయం కంటే ఎక్కువగా వచ్చింది ఏడుపే. ఆ ఊపిరి నా మాట కోసమే ఆగిందనిపించింది.

"అన్నా..." అన్నాను. "నువ్వు ఫోన్ జేసేటాళ్ళకే అతికిచ్చేసిన. పోకుమని చెప్పాల్సుండె. తిడ్తవని... చెప్పలే అన్నా."

చీకటి. ఏమీ లేదు.

టిక్.

ఆగాను. రెండో చప్పుడు కోసం ఆగాను... రాలేదు.

కరెంటు ఎప్పుడు వచ్చిందో, నేను గడప మీద ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. లైటు వెలిగాక చూశాను. గదిలో ఎవరూ లేరు. కిటికీ మూసే ఉంది. విమానం మూడు చక్రాల మీద నిలబడి ఉంది. ముక్కు చక్రం అద్దాన్ని ఆనుకుని ఉంది. తోక గాలిలో ఉంది.

వేలితో తోకను కిందికి నొక్కాను. వదిలాను. ముక్కు మళ్ళీ మెల్లగా దిగి నిలబడింది. చెవి దగ్గర ఊపి చూశాను. లోపల ఏదీ కదలలేదు. అతుకు వేలితో తడిమాను. సన్నని చీలిక కూడా లేదు.

మీరు అడగబోయేవన్నీ నన్ను నేనే అడిగాను. మిషన్ అదురుకు జరిగిందా? జరిగితే జరగనీ, తోక బరువు ఎక్కడికి పోతుంది? బల్ల వాలిందా? గోళీ పెట్టి చూశాను, దొర్లలేదు. వేరే బల్ల మీద పెట్టినా నిలబడింది. హైదరాబాదులో ఇలాంటి విమానాలు చేసే ఒకతన్ని ఫోన్లో అడిగితే, చక్రాల కాళ్ళు వంగి ఉంటాయన్నాడు. కొలిచాను. నాకైతే వంగినట్టు కనబడలేదు, కానీ నేను ముందెప్పుడూ కొలవలేదు కదా. పక్కనున్న బంగారం దుకాణంలో తూయిద్దామంటే మునుపు ఎంత ఉండేదో తెలియదు. "ముక్కు కోసి చూడు, తేలిపోతది" అన్నాడు ఆ హైదరాబాదు మనిషి. కోస్తే ఏముంటుంది? ఏమీ లేకపోతే ఎలా నిలబడింది? ఏదైనా ఉంటే... అది ఎలా వచ్చింది? రెండిట్లో ఏది చూసినా నేను తట్టుకోలేను. పైగా అందులో ఆయన గీసిన గది ఉంది.

ఆ రాత్రి ఫ్లెక్సీ మళ్ళీ మొదటి నుంచి వేశాను. పొద్దున తీసుకెళ్ళి వాళ్ళింటి ముందు పందిట్లో నేనే కట్టాను.

కూడికలో పాటలయ్యాయి, వాక్యమైంది. రత్నం గురించి ఎవరైనా మాట్లాడతారా అని పాస్టరు గారు అడిగారు. అందరూ నా వైపే చూశారు. మైకు పట్టుకుని లేచాను. మంచి మనిషి అన్నాను, చేతిలో గొప్ప పని ఉందన్నాను. కూర్చున్నాను. అక్కడా చెప్పలేదు. చీకట్లో చెప్పిన మాట వెలుగులో రాలేదు.

భోజనాలప్పుడు సుగుణ వదిన నా పక్కకు వచ్చి కూర్చుంది.

"తమ్మీ, గట్ల తలకాయ దించుకోకు. ఆయన నీ పని మీద పోయిండని కుములుతున్నవ్ గదా? నాకెర్కే. బీర్కూరు కాడికెళ్ళి నాకు ఫోన్ జేసిండు. సీసం దొర్కింది, తమ్ముని విమానం ఇగ నిలవడ్తది అన్నడు. గంత సంబురంగ మాట్లాడక ఎన్ని దినాలాయెనో. పని మధ్యల ఇడిశిపెట్టుడు ఆయనకు రాదు. నీదేం తప్పు లేదు."

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఒకటే పోరు. ఆయన బయలుదేరకముందే అతికించేశాను వదినా... ఆయన వట్టిగానే పోయాడు వదినా... ఆ మాటలు మింగేసి ముద్దను విస్తట్లో పెట్టేశాను.

"ఒక్క మాట తమ్మీ" అంది. "మరి నిలవడ్డదా విమానం?"

ఆమె మొహం చూశాను.

"నిలవడ్డది వదినా."

అబద్ధం కాదు. నిలబడే ఉంది. మీరూ వచ్చి చూడండి.

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మంచిగైంది. ఆయన పోయిన పనన్న అయ్యింది" అంది. నా విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసి, అవతలి వరుసలోకి వెళ్ళింది.

అది ఆయనేనా? నన్ను క్షమించాడా, లేక నా తప్పు నేను మరిచిపోకుండా ఇలా నిలబెట్టి పోయాడా? నా చెవులే నన్ను మోసం చేశాయా? ఎంత ఆలోచించినా నాకు తేలలేదు. విమానానికి ఇంకా రంగు వేయలేదు, ఎవరితో వేయించను?

మీకు ఇవాళ చెప్పాను. వదినకు ఇంకా చెప్పలేదు.