నొక్కలేని బటన్

నిన్న మా అమ్మాయి ఫుట్‌బాల్ వీడియోగేమ్ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆటగాళ్ల నుదుటి మీద చెమట చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. అచ్చం నిజం ఆటే అంటుంది తను. నాకు మాత్రం తాండూరులో మన గేమ్ షాపు, వేడెక్కిన టీవీ వాసన గుర్తొచ్చాయి.

మీకూ గుర్తుందా దోస్తులూ? అక్కడ క్రికెట్ పెడితే అందరం మొనగాళ్లమే, ఏ బటన్ నొక్కినా సిక్సరే. ఫుట్‌బాల్ పెడితే మాత్రం ఏడుపొచ్చేది. ఒకరికి పాస్ ఇస్తే బంతి ఇంకొకరి దగ్గరికి పోయేది. ఓడినవాళ్లు లేచి సీటు ఇచ్చేయాలి.

ఓరోజు నేను, సలీం ఒక జట్టు. ఆఖరి నిమిషంలో అవతలి జట్టువాడు బంతితో మా గోల్ వైపు ఒక్కడే దూసుకొస్తున్నాడు. నేలమీద జారి బంతిని తన్నేసే బటన్ నొక్కితే చాలు. నా బొటనవేలు కదల్లేదు. గోల్ పడింది.

"నొక్కలేదేందిరా? జర జారితే అయిపోతుండె గదా!" అని సలీం గయ్యిమన్నాడు.

నేను నా మోకాలు చూపించాను. మనం రోజూ నిజం ఫుట్‌బాల్ ఆడింది బండల పాలిష్ మిషన్ల వెనక, నాపరాళ్లు పరిచిన జాగాలో కదా. అక్కడ జారితే తోలు ఊడొచ్చేది. సలీం తన మోకాలి మచ్చ తడుముకుని, లేచి సీటిచ్చాడు.

నిన్న మా అమ్మాయి రిమోట్ నా చేతిలో పెట్టింది. కాసేపటికే, "డాడీ, జారు! బటన్ నొక్కు!" అని అరిచింది.

"మోకాళ్లు చెక్కుకపోతయ్ బిడ్డా" అన్నాను. అప్పటికే గోల్ పడింది.