ఉదయగిరి దుర్గం కింద, తాతను దాచిన ఇంటి కోసం

మా తాత పేరు ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండదు. స్వాతంత్ర్య పోరాటంలో ఆత్మకూరు దారిన తంతి తీగలు తెగ్గోసి, పోలీసులు వెంటబడితే ఉదయగిరి కొండల్లో నెలల తరబడి తలదాచుకున్నాడు. తర్వాత పట్టుబడి జైలుకెళ్లాడు, బయటికొచ్చి బడిపంతులయ్యాడు. "దుర్గం కింద గొర్రెలవాళ్లు కాపాడారు" అనేవాడే తప్ప వాళ్లెవరో చెప్పేవాడు కాదు. ఆ రోజుల్లో పేరు బయటపెడితే ఆ ఇంటికి ముప్పు; నోరు కట్టుకున్న ఆ అలవాటు చివరిదాకా పోలేదు. ఈ మధ్య మా అమ్మది ఒకటే పోరు: "కాళ్లు ఆడేటప్పుడే ఆ ఇంటివాళ్లకు ఒక దండం పెట్టి రావాలిరా. మా నాయన బతికితేనే గదా నేను పుట్టింది!" కాదనడానికి నాకేం నోరుంది?

నెల్లూరులో ఉదయం ఆరింటి బస్సెక్కితే ఏడున్నరకల్లా ఆత్మకూరు చేరాం. బస్సులో సగం మంది అనుమసముద్రంపేట దర్గాకు వెళ్లేవాళ్లే. అమ్మకు కిటికీ పక్క సీటు ఇచ్చిన పుణ్యం వాళ్లదే. బస్టాండు ఎదుట కారం దోసెలు తిని, ఉదయగిరి బస్సులో ఇంకో గంటన్నర కూర్చున్నాం. అక్కడ రోజంతటికీ తొమ్మిది వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ యోహాను మా సంగతి విని తల గోక్కున్నాడు.

"పేరు లేదు, ఊరు లేదు. ఎట్టా కనుక్కుంటావు సార్?"

"అడుగుతా పోదాం."

"సరే, పెద్దామె ఆశ పడతా ఉండాది. ఎక్కండి."

మొదటి పల్లెలో మజ్జిగ ఇచ్చి, "ఆ స్వాతంత్ర్య యోధుణ్ణి దాచింది మా తాతే" అన్నారు. రెండో పల్లెలోనూ అదే మాట! మోసమేం కాదు పాపం, ఎండన పడి వచ్చిన ముసలామెను ఉత్తచేతులతో పంపడానికి వాళ్లకు మనసొప్పలేదు. అమ్మ మాత్రం డీలా పడింది. "అందరికీ దండం పెడితే ఎవరికీ పెట్టనట్టేరా" అంది.

మూడున్నరకు ఒక కుంట దగ్గర గొర్రెల మంద కనిపిస్తే ఆటో ఆపించాను. కాపరి మాలకొండయ్యకు అరవై దాటి ఉంటాయి. "స్వాతంత్ర్య యోధుడా? అట్టాంటోళ్లు మా ఇంటికెందుకొస్తారు సామీ" అని తేల్చేశాడు. ఇక లాభం లేదని, దుర్గాన్ని ఫోటో తీయడానికి నేను కాస్త దూరం వెళ్లాను.

తెచ్చుకున్న అన్నం మూట విప్పి అమ్మ నన్ను పిలిచింది. మా ఇంట్లో అన్నానికి పేరుతో పిలవరు. నాలుకతో అంగిట్లో రెండు టక్కులు కొట్టి, పొడుగ్గా "హుర్రోయ్" అంటారు. తాత అమ్మను అట్లాగే పిలిచేవాడు, అమ్మ నన్ను. చిన్నప్పుడు స్నేహితుల ముందు సిగ్గుతో చచ్చేవాణ్ణి. నేను వెనక్కి తిరిగాను. నాతోపాటు మంద మొత్తం తిరిగింది. మేత వదిలేసి గొర్రెలన్నీ అమ్మ చుట్టూ చేరాయి.

"ఏందమ్మా ఇది! ఎవురు నేర్పినారు నీకు? ఇది మా ఇంటి కూత!" అన్నాడు మాలకొండయ్య.

కుంట దగ్గర మందలు కలిసిపోతే విడదీయడానికి ఒక్కో ఇంటికి ఒక్కో కూత ఉంటుందట.

"మా నాయన" అంది అమ్మ.

"అయితే మా మూగోడు మీ నాయనా! మా అవ్వ చెప్పేది. గొర్రేదో మేకేదో తెలవనోడు ఒకడు వచ్చి మందలో చేరినాడంట. నోరు తెరిస్తే చదువుకున్నోడని తెలిసిపోతాదని, పోలీసోళ్లకు 'మా తమ్ముడు, మూగోడు' అని చెప్పినాడంట మా తాత. మాట్లాడకూడదు, మందను మాత్రం పిలవాల. అందుకని ఈ కూత ఒక్కటే నేర్పినాడంట. ఏం చేసి వచ్చినాడో మావోళ్లు అడగలా."

అమ్మ ఏడుస్తూ చేతులెత్తబోతే ఆయన పట్టుకుని ఆపాడు. "మా తాత తమ్ముడి కూతురివి, నాకు అత్తవి. నువ్వు నాకు దండం పెట్టేదేంది!" అని ఆయనే వంగి అమ్మ కాళ్లకు మొక్కాడు.

పోరాటమంటే జైళ్లు, ఉపన్యాసాలే అనుకునేవాణ్ణి. ఏం చేశావని కూడా అడక్కుండా గొర్రెల మధ్య చోటిచ్చి, పోలీసుల ముందు తమ్ముడని చెప్పిన ఆ ఇంటి రుణంతోనే అమ్మ, నేను ఈ భూమ్మీద ఉన్నాం. అది తీరేది కాదు, తీరకపోయినా ఫరవాలేదనిపించింది.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట: తిరుగు బస్సు వేళ పొద్దున్నే కనుక్కోండి. మేం కనుక్కున్నాం, అయినా వదిలేసుకున్నాం. అత్త అన్నం తినకుండా పోకూడదట. చీకటి పడుతుండగా మాలకొండయ్య వాకిట్లోంచి రెండు టక్కులు కొట్టి, నవ్వుతూ "హుర్రోయ్" అన్నాడు. దారంతా మోకాళ్ల నొప్పులన్న అమ్మ అందరికంటే ముందు లేచింది.